కొత్తవాడి ప్రశ్న, పండితుడి పరీక్ష

కడప ఎర్రముక్కపల్లెలో, ఒకప్పుడు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి సి.పి. బ్రౌన్ బంగళా ఉండిన చోట, ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. కడపలో భాషాభిమానులు నలుగురు కూడిన చోట ఆయనను గురించి ఒక వాదం తరచూ తలెత్తుతుంది. వేమన పద్యాలను అచ్చువేయించి, తెలుగుకు వ్యాకరణం రాసి, నిఘంటువులు కూర్చిన ఘనత బ్రౌన్‌కు చెందుతుందా, ఆయన దగ్గర జీతానికి పనిచేసిన జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య వంటి పండితులకు చెందుతుందా అన్నదే ఆ వాదం. బ్రౌన్ పక్షం వహించేవారు, 1820లో కడపకు వచ్చేనాటికి ఆయనకు ఇరవై రెండేళ్ళైనా నిండలేదని, తెలుగు అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాడని, అటువంటివాడు పూనుకోకపోతే ఆ పద్యాలలో చాలా భాగం తాటాకుల్లోనే శిథిలమై పోయేదని అంటారు. పండితుల పక్షం వహించేవారు, వాళ్ళ సాయం లేకుండా ఆ దొర ఒక్క పద్యాన్నయినా సరిగా పరిష్కరించగలిగేవాడా అని ఎదురు ప్రశ్న వేస్తారు. రెండు పక్షాల మాటలూ ఏళ్ళ తరబడి విన్న మీదట, ఇది బ్రౌన్ ఒక్కడికి సంబంధించిన తగవు కాదని నాకు అనిపించింది. ఒక విద్య గాని, శాస్త్రం గాని, చేతిపని గాని పెరిగేది అందులో కొత్తగా అడుగుపెట్టినవారి వల్లనా, అందులో పండిపోయినవారి వల్లనా అన్న పాత ప్రశ్నకు ఇది మా ఊరి రూపం.

ఈ ప్రశ్నలో మొదటి చిక్కు లెక్క దగ్గరే వస్తుంది. ఇంగ్లీషు వికీపీడియా విషయంలో అది స్పష్టంగా బయటపడింది. ఆ విజ్ఞాన సర్వస్వాన్ని నిజానికి రాస్తున్నది ఎవరని అడిగినప్పుడు, స్థాపకులలో ఒకరైన జిమ్మీ వేల్స్ మార్పుల సంఖ్యను లెక్కించి చూపేవారు. వాడుకరులలో 0.7 శాతం మంది, అంటే 524 మంది, మొత్తం మార్పులలో సగానికి పైగా చేశారని, కాబట్టి అది ఒక చిన్న అనుభవజ్ఞుల బృందం నడుపుతున్న పని అని ఆయన అభిప్రాయం. 2006లో ఆరన్ స్వార్ట్జ్ అనే యువకుడు అదే ప్రశ్నను మరోవిధంగా పరిశీలించారు. ఎవరు ఎన్నిసార్లు మార్చారన్నది పక్కనబెట్టి, కొన్ని వ్యాసాలలో చివరికి నిలిచిన పాఠంలో ఏ అక్షరాలు ఎవరు చేర్చినవో లెక్క తీశారు. అప్పుడు చిత్రం తలకిందులైంది. విషయంలో పెద్ద భాగం, ఎప్పుడో ఒకటి రెండుసార్లు వచ్చి తమకు బాగా తెలిసిన సంగతి రాసి వెళ్ళిపోయినవారిది. ఆ తరువాత దానిని సరిదిద్ది, వర్గీకరించి, ఒక తీరుకు తెచ్చినది నిత్యం పనిచేసేవారు.

రెండు లెక్కలూ సరైనవే. అనంతపురం జిల్లాలో చెనిక్కాయల, అంటే వేరుశనగ, సేద్యం ఎరిగినవారికి ఇందులో వింత ఏమీ కనిపించదు. కూలి దినాల లెక్క తీస్తే కలుపు తీయడం, చెట్టు పీకడం, కాయ ఒలవడం ఎక్కువ దినాలను తింటాయి. విత్తడానికి పట్టేది, నేల పదునుగా ఉన్న ఆ కొద్దిపాటి సమయమే. దినాలను బట్టి ఘనత పంచితే విత్తినవాడికి దాదాపు ఏమీ దక్కదు. ఏది లేకపోతే పంటే లేదు అన్నదాన్ని బట్టి పంచితే అతడికే అంతా దక్కుతుంది. కొత్తవారికీ అనుభవజ్ఞులకూ మధ్య జరిగే వాదాలలో చాలా వాటిలో, ఇద్దరూ ఒకే పంటను రెండు వేర్వేరు కొలతలతో కొలుస్తూ, ఎదుటివాడి కొలతే తప్పని వాదిస్తుంటారు.

రెండవ చిక్కు ‘కొత్తవాడు’ అనే మాటలోనే దాగి ఉంది. ఆ ఒక్క మాట కింద మనం కనీసం ముగ్గురు మనుషులను కలిపేస్తున్నాం. నిజంగా ఏమీ తెలియక నేర్చుకోవడానికి వచ్చినవాడు ఒకడు. వేరే రంగంలో ఆరితేరి, ఈ రంగంలోకి పక్క గుమ్మం నుంచి వచ్చినవాడు ఇంకొకడు. పనిలో తలపండి కూడా, పట్టా లేనందువల్లనో, కులం వల్లనో, చదువు లేనందువల్లనో, ఆ రంగం వారి లెక్కలోకి ఎక్కనివాడు మూడవవాడు. కొత్తవారి గొప్పతనానికి ఉదాహరణలుగా చెప్పే కథలలో ఎక్కువ భాగం రెండవ, మూడవ రకాలవారివని గమనిస్తే, ప్రశ్న స్వరూపమే మారుతుంది.

అనుభవం అంటే ఏమిటన్న దానిపై మనస్తత్వ శాస్త్రంలో జరిగిన ఒక ప్రయోగం ఇక్కడ ఉపయోగపడుతుంది. 1973లో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ చదరంగపు ఆటగాళ్ళకు, నిజంగా జరిగిన ఆటల నుంచి తీసుకున్న బల్లలను కొన్ని సెకండ్లపాటు చూపి, ఆ పావులను జ్ఞాపకం మీద మళ్ళీ పేర్చమన్నారు. ఆరితేరిన ఆటగాడు కొత్తవాడికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ పావులను సరైన గడిలో పెట్టాడు. అయితే అవే పావులను ఎలా పడితే అలా బల్ల మీద చల్లి చూపినప్పుడు, ఇద్దరి మధ్య ఉన్న తేడా దాదాపు చెరిగిపోయింది. ఆరితేరినవాడి బలం జ్ఞాపకశక్తిలో లేదు. వేల ఆటలలో చూసిన అమరికలను ఇట్టే గుర్తుపట్టడంలో ఉంది. ఆ బలానికి హద్దు కూడా అక్కడే ఉంది: అమరిక అలవాటైనది కానప్పుడు అనుభవం పెద్దగా అక్కరకు రాదు. అంతకు ముందే, 1942లో, అబ్రహాం లూచిన్స్ కుండలతో నీళ్ళు కొలిచే లెక్కలు ఇచ్చి ఇంకొక సంగతి చూపారు. ఒక పొడుగాటి పద్ధతితో వరసగా కొన్ని లెక్కలు చేసినవారు, సులువైన దారి కళ్ళ ముందే ఉన్న తరువాతి లెక్కను కూడా ఆ పొడుగాటి పద్ధతిలోనే చేశారు. ఆ పద్ధతికి అలవాటుపడనివారు సులువు దారిని వెంటనే పట్టుకున్నారు. అనుభవం పనిని వేగవంతం చేస్తూనే చూపును ఒక గాడిలో పెడుతుందని ఈ రెండు ప్రయోగాలనూ కలిపి చదివితే అర్థమవుతుంది.

ఇప్పుడు బ్రౌన్ దగ్గరకు తిరిగి వద్దాం. ఆయనకు వేమన పేరు తగిలినది పండితుల నోట కాదు. 1824 ప్రాంతంలో, ఫ్రెంచి మతబోధకుడు దుబాయ్ రాసిన పుస్తకం చదువుతుండగా. జనం నోట నిత్యం నలిగే వేమనను, ఆటవెలదిలో తేట మాటలు చెప్పిన ఆ కవిని, ఆనాటి పండితులు పరిష్కరించి వ్యాఖ్య రాయదగినవాడిగా ఎంచలేదు. వారికి తెలియక కాదు. ఏది కావ్యం, ఏది కాదు అన్న అమరిక వారి మనసులో గట్టిగా పాతుకుని ఉంది. చదరంగపు బల్ల మీద ఆ పావు వారికి కనిపించే గడిలో లేదు. బ్రౌన్‌కు ఆ అమరిక ఇంకా అలవడలేదు గనుక ఆయన ఆ కవిని అడిగాడు, వెతికించాడు. 1829లో 693 పద్యాలతో, 1839లో 1164 పద్యాలతో వేమనను అచ్చువేయించాడు. అడగడం ఆయనది. ఒక్కొక్క పద్యానికి ఊరూరా ఉన్న ప్రతులను పక్కపక్కన పెట్టి, పాఠభేదాలు తేల్చి, గణం తప్పిన చోట ఏది లేఖకుడి పొరపాటో ఏది అసలు పాఠమో నిర్ణయించడం ఆ విద్యలో పండినవారు తోడుంటేనే సాగే పని. అందుకే ఆయన కడపలో బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను, లేఖకులను పెట్టుకున్నాడు.

నేర్చుకునేవాడికి మాత్రమే కనిపించే సంగతులు కొన్ని ఉంటాయనడానికి ఇంతకన్నా చక్కని ఉదాహరణ ఆయన నిఘంటువులోనే ఉంది. ‘చాప’లోని చకారమూ ‘చీమ’లోని చకారమూ మన నోట ఒకటి కావు, మొదటిది దంతాల దగ్గర, రెండవది అంగిట పుడుతుంది. ఈ దంత్య తాలవ్య భేదాన్ని మన వ్యాకరణాలు చెప్పకపోలేదు. కాని రాతలో దానికి ప్రత్యేకమైన గుర్తు లేకపోయినా తెలుగువాడికి ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే ఉగ్గుపాలతో వచ్చిన ఉచ్చారణను కాగితం చూసి సరిచూసుకోవలసిన అవసరం అతడికి రాదు. పరభాషవాడికి అడుగడుగునా అక్కడ కాలు తడబడుతుంది. బ్రౌన్ తన నిఘంటువులో ఆ దంత్య ధ్వనులను ౘ, ౙ అని వేరుగా గుర్తించి చూపాడు. కచేరీల్లో, సంతల్లో వాడే పారసీ, ఉర్దూ మాటలకు 1854లో మిశ్రభాషా నిఘంటువును వేరుగా అచ్చువేయించడం కూడా ఈ కోవలోదే. పండితుడి దృష్టిలో అవి తెలుగే కావు. అర్జీ చదివి అర్థం చేసుకోవలసిన ఉద్యోగికి అవి లేకపోతే తెల్లవారదు.

ఇంత చెప్పిన తరువాత ఒక సవరణ చేయడం న్యాయం. బ్రౌన్ చాలాకాలం కొత్తవాడిగా ఉండిపోలేదు. 1827 నాటికే తెలుగు, సంస్కృత ఛందస్సుల మీద పుస్తకం వేయించాడు. 1840లో వ్యాకరణం వచ్చింది. నిఘంటువులు 1852–54 మధ్య, అంటే ఆయన తెలుగు నేల మీద అడుగుపెట్టిన ముప్పై ఏళ్ళ తరువాత వచ్చాయి. వేమనను పట్టుకున్నది కొత్తవాడి చూపు. నిఘంటువు ముప్పై ఏళ్ళ పండిన చేయి. ఒకే మనిషి తన జీవితంలో రెండు దశల్లో రెండు వేర్వేరు రకాల మేలు చేశాడు గనుక, కొత్తవారు వర్సెస్ అనుభవజ్ఞులు అని మనుషులను రెండు బారులుగా నిలబెట్టడం కన్నా, ఒక పనిలో ఏ ఘట్టంలో ఏ చూపు కావాలని అడగడమే సరైనదని నేను అనుకుంటాను.

కడప జిల్లాకే చెందిన కలివికోడి కథ దీనిని ఇంకా లోతుగా చూపుతుంది. రొమ్ము మీద రెండు పట్టీలతో, కలివి పొదల మధ్య నేల మీద తిరిగే ఈ చిన్న పిట్టను 1848 ప్రాంతంలో వైద్యుడూ ప్రకృతి శాస్త్రజ్ఞుడూ అయిన జెర్డన్ శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1900లో అనంతపురం దగ్గర హోవర్డ్ క్యాంప్‌బెల్ చూసిన తరువాత, పక్షి శాస్త్రజ్ఞులు ఎవరికీ అది మళ్ళీ కనిపించలేదు. అన్వేషణ బృందాలు వచ్చి వెళ్ళాయి. ఆ జాతి అంతరించిపోయిందని చాలామంది నిశ్చయించుకున్నారు. 1985లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ మళ్ళీ వెతకడానికి వచ్చి, పిట్ట బొమ్మను ఊళ్ళలో చూపుతూ తిరిగారు. లంకమల కొండల దగ్గర రెడ్డిపల్లె ప్రాంతంలో పిట్టలు పట్టే ఐతన్న, 1986 జనవరిలో ఒక రాత్రి, దీపం వెలుగులో దానిని పట్టి తెచ్చారు.

దాదాపు ఎనభై ఆరేళ్ళు శాస్త్రజ్ఞుల కళ్ళబడని పిట్ట ఒక వేటగాడికి ఎలా దొరికింది? అది రాత్రి తిరిగే పిట్ట. మిగిలిన పిట్టలను వెతికినట్టే దానినీ పగటి పూట వెతకడం అనుభవజ్ఞుల గాడి. ఆ గాడిలో నడిచినంత కాలం అది లేనట్టే. రాత్రుళ్ళు దీపంతో పొదల వెంట తిరిగే ఐతన్నకు ఆ గాడి లేదు. అయితే ఐతన్నను కొత్తవాడు అనగలమా? ఆ అడవిలో ఆయనను మించిన అనుభవజ్ఞుడు లేడు. నేను పైన చెప్పిన మూడవ మనిషి ఆయనే: తెలిసినవాడు, కాని తెలిసినవాడిగా లెక్కకు ఎక్కనివాడు. మరి ఆ జ్ఞానం అంతకాలం ఆ ఊరిలోనే ఎందుకు ఉండిపోయింది? ఆ పిట్ట ప్రపంచమంతా వెతుకుతున్న పిట్ట అని చెప్పడానికి ఎవరూ ఆ గడప తొక్కలేదు గనుక. చూసినవాడికి అది అపురూపమని తెలియదు; అపురూపమని తెలిసినవాడు చూడలేదు. భూషణ్ చేసిన గొప్ప పని, నా దృష్టిలో, పిట్టను గుర్తుపట్టడం కన్నా ముందు, అడగవలసిన మనిషిని అడగడం.

కథ అక్కడితో ముగియలేదు, ఆ తరువాతి భాగమే అనుభవజ్ఞులకు న్యాయం చేస్తుంది. ఒక్క పిట్ట దొరకడం వేరు, ఎన్ని ఉన్నాయో, ఎక్కడ ఉన్నాయో, ఎలాంటి పొదలు కావాలో తెలియడం వేరు. 2000 తరువాతి సంవత్సరాలలో పరిశోధకులు అడవిలో నేలను సన్నగా చదునుచేసి, మెత్తటి మట్టి పరిచి, ఉదయాన్నే దానిమీద పడ్డ అడుగుజాడలను కొలిచి, ఏవి కలివికోడివో, ఏవి ఇతర పిట్టలవో తేల్చే పద్ధతిని రూపొందించారు. పొద్దుగూకిన తరువాత కొద్దిసేపు మాత్రమే వినిపించే దాని కూతను రికార్డు చేసి, దానిని వినిపించి, జవాబు వచ్చిన చోట్లను పటం మీద గుర్తించారు. లంకమల 1988లోనే అభయారణ్యం అయింది. కాని తరువాత తెలుగుగంగ కాలువ దారిని ఆ పిట్ట కోసం మార్చడానికి ‘ఫలానావారు చూశారట’ అన్న మాట చాలదు. అధికారి బల్ల మీద పెట్టడానికి ఆధారాలు కావాలి. ఐతన్న లేకపోతే ఆరంభం లేదు. ఈ పరిశోధకులు లేకపోతే ఆ రక్షణ లేదు.

బెలుం గుహల సంగతి ఇక్కడ ఒక్క మాటలో చెప్పవచ్చు. కొలిమిగుండ్ల వైపు జనం వాటిని ఎప్పటి నుంచో ఎరుగుదురు. భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫూట్ 1884లో వాటిని శాస్త్ర గ్రంథాలలోకి ఎక్కించాడు. 1982–83లో గెబౌర్ నాయకత్వంలోని జర్మన్ బృందం లోపలికి దిగి కొలతలు తీసింది. ఎరగడం, నమోదు చేయడం, కొలవడం అన్నవి మూడు వేర్వేరు పనులు.

ఇటీవలి గణితంలో జరిగిన ఒక సంగతి ఇదే అల్లికను మరో నేల మీద చూపుతుంది. ఒకే ఆకారపు పలకలను ఎడం లేకుండా పరుస్తూ పోతే, ఎంత దూరం పరచినా నమూనా క్రమంగా తిరిగి రాకుండా ఉండే ఆకారం ఉందా అన్నది గణితజ్ఞులను దశాబ్దాల తరబడి వేధించిన ప్రశ్న. 1970లలో రోజర్ పెన్రోజ్ రెండు ఆకారాలతో ఆ పని చేసి చూపారు. ఒక్క ఆకారంతో మాత్రం ఎవరికీ కుదరలేదు. 2022లో ఇంగ్లండులో అచ్చుపనిలో ఉండి పదవీ విరమణ చేసిన డేవిడ్ స్మిత్, కాగితం ముక్కలు కత్తిరించి పరుస్తూ, టోపీలా కనిపించే పదమూడు భుజాల ఆకారాన్ని పట్టుకున్నారు. అది నిజంగా ఆ గుణం కలదే అని రుజువు చేయడానికి క్రెయిగ్ కప్లాన్, జోసెఫ్ మైయర్స్, చైమ్ గుడ్‌మన్-స్ట్రాస్ తోడు కావలసి వచ్చింది. 2023 మార్చిలో నలుగురి పేర్లతోనూ ఫలితం వెలువడింది. ఇందులో నేను ఎక్కువగా మెచ్చేది, తన ఆకారం గురించి స్మిత్ పంపిన ఈమెయిల్ అందుకున్న కప్లాన్ దానిని పక్కన పడేయకపోవడం. ఔత్సాహికుల నుంచి గణితజ్ఞులకు అందే ‘రుజువు’లలో చాలా భాగం తప్పులే అయి ఉంటాయి, వాటి మధ్య నుంచి ఒక నిజాన్ని గుర్తుపట్టడం కూడా అనుభవం ఇచ్చే శక్తే.

అనుభవజ్ఞులు దారికి అడ్డం నిలబడే సందర్భాలు లేవని నేను అనను. 2019లో పియర్ అజూలే, ఆయన సహచరులు ప్రచురించిన అధ్యయనంలో, జీవశాస్త్రాలలో పేరుమోసి, పనిలో ఉండగానే మరణించిన 452 మంది శాస్త్రజ్ఞుల రంగాలను పరిశీలించారు. ఆ పెద్దలు పోయిన తరువాత వారి సహచరుల రచనలు తగ్గాయి, బయటివారి రచనలు సుమారు 8 శాతం పెరిగాయి; అలా కొత్తగా వచ్చిన వాటిలో ఎక్కువగా ఉదహరింపబడినవి గణనీయంగా ఉన్నాయి. పెద్దమనిషి కావాలని అడ్డుపడి ఉండనక్కరలేదు. ఆయన ఉన్న గదిలోకి వేరే ప్రశ్నతో అడుగుపెట్టడానికి బయటివాడికి జంకు ఉంటుంది, అది చాలు. దీనికి తోడు, కొత్తవాడి అజ్ఞానం కూడా ఊరకే పోదు. ఎర్రనేల తీరు, వాన తీరు తెలియని సలహాదారు మాట నమ్మి అప్పుచేసి వేసిన పంటకు నష్టం భరించేది రైతే. ప్రశ్న అడగడంలో కొత్తవాడికి ఖర్చు లేదు. ఆచరణలో పెట్టినప్పుడు ఖర్చు ఎవరిదో చూడాలి. అందువల్ల కొత్త ఆలోచనను వినడానికి తలుపు ఎంత వెడల్పుగా ఉండాలో, దానిని పొలంలోకి దించేముందు పరీక్ష అంత కఠినంగా ఉండాలి.

ఆ పరీక్ష కూడా అనుభవజ్ఞుడి ఇంట్లోనే జరగనక్కరలేదని అనంతపురం చెనిక్కాయ చెబుతుంది. తమిళనాడులోని తిండివనం పరిశోధన కేంద్రం 1940లో విడుదల చేసిన టీఎంవీ 2 రకం ఈ జిల్లాలో దశాబ్దాల పాటు రాజ్యం చేసింది. ఆ తరువాత అంతకన్నా ఎక్కువ దిగుబడినిచ్చే రకాలు కేంద్రాల నుంచి వచ్చినా, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల మాత్రమే వాన పడే ఈ నేల మీద రైతు టీఎంవీ 2ను సులువుగా వదలలేదు. దానిని మొండితనమని అనుకున్నవారు ఉన్నారు. ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు 2000 తరువాత పద్ధతి మార్చి, కొన్ని రకాల విత్తనాలను రైతుల చేతికే ఇచ్చి, వారి పొలాల్లోనే టీఎంవీ 2 పక్కన వేయించి, ఎంపిక వారికే వదిలారు. రైతులు చూసినది క్వింటాళ్ళు మాత్రమే కాదు. బెట్ట పడితే ఊడలు ఎంత నిలుస్తాయి, కాయలో గింజ నిండుతుందా, పంట త్వరగా చేతికి వస్తుందా, పీకిన కట్టెను పశువులు తింటాయా అన్నవన్నీ చూశారు. ఆ ఎంపికలో ఐసీజీవీ 91114 అనే తక్కువ కాలపు రకం నిలిచింది. దాని కట్టె మేసిన పశువుల పాలు పెరగడం తరువాత శాస్త్రజ్ఞులు కూడా కొలిచి చూసిన సంగతి. ఇక్కడ సంకరం చేయడం తెలిసినవాడు శాస్త్రజ్ఞుడు. ఏది మంచిదో తేల్చే కొలత తెలిసినవాడు రైతు. ఎవరు కొత్తవాడో, ఎవరు పండినవాడో అన్నది ఏ బల్ల దగ్గర కూర్చున్నామన్న దానిమీద ఆధారపడుతుంది.

ఇక ఘనత పంపకం. ఇందులో మాత్రం నేను పండితుల పక్షం వహించేవారితో ఏకీభవిస్తాను. శీర్షిక పుట మీద ఒక్క పేరు ఉండడం పుస్తకాల ఆచారం. ఆ ఒక్క పేరును చూసి పని అంతా ఒక్కడిదే అనుకోవడం మన పొరపాటు. ఐతన్న పేరు ఈనాడు మనకు తెలుస్తున్నది, దానిని ఎవరో రాసిపెట్టినందువల్ల. రాసిపెట్టని ఐతన్నలు, రాసిపెట్టని అప్పయ్యలు ఎందరో ఉండే ఉంటారు, వారి పని మాత్రం శాస్త్రాలలో కలిసిపోయి మన చేతికి అందుతూనే ఉంది. బ్రౌన్ పోగుచేయించిన రాతప్రతులు మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరాయి. ఆ కాగితాల మీద పద్యమూ, టీకా పండితులవీ లేఖకులవీ అయిన గుండ్రటి తెలుగు దస్తూరిలో సాగుతుంటే, అంచుల్లో బ్రౌన్ ఇంగ్లీషులో రాసుకున్న గమనికలు కనిపిస్తాయి.